రెండు తీరాల తోటలు

కలకత్తా మహానగరానికి నైరుతి దిశలో, హుగ్లీ నది మలుపు తిరిగే చోట గార్డెన్ రీచ్ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఆంగ్లేయ సంపన్నులు నదీతీరాన కట్టుకొన్న తోట బంగళాలే ఆ పేరుకు మూలం. నేడు అక్కడ నౌకానిర్మాణ కేంద్రం, రేవు గిడ్డంగులు, మెటియాబ్రుజ్ దర్జీల ఇరుకు వీధులు కానవస్తాయి. సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయమూ ఇక్కడిదే. వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలో ఉన్న దశాబ్దాలలో ఈ పేరు వినని తెలుగు రైల్వే కుటుంబం అరుదు. అయితే ఆ వీధులున్న నేలమీద ఒకనాడు జింకల మందలు మేసేవంటే నమ్మడం కష్టం.

1856లో అయోధ్య రాజ్యాన్ని కోల్పోయిన నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరాడు. మరుసటి ఏడు తిరుగుబాటు చెలరేగగానే ఆయనను ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. విడుదలైన పిదప, ఏటా 12 లక్షల రూపాయల భరణంతో, మెటియాబ్రుజ్‌లో మరో లక్నోను నిర్మించుకొన్నాడు. సాధారణంగా రాజులు అడవులను వేటకై కాపాడుకొంటారు. రాజ్యం లేని ఈ రాజు వేటాడదగిన మృగాలను కేవలం చూచి ఆనందించడానికి పోషించాడు.

బాల్యం అక్కడ గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ ఆ వైభవాన్ని వివరంగా వ్రాసిపెట్టాడు. నూర్ మంజిల్ ఎదుట ఇనుప కటకటాల మధ్య విశాలమైన మైదానం. అందులో స్వేచ్ఛగా తిరిగే జింకలు. నడుమ పాలరాతి కొలను, దాని చుట్టూ నెమళ్లు, కొంగలు, నిప్పుకోళ్లు. మరొక భవనం ముందున్న లోతైన కుండంలో కృత్రిమమైన కొండ ఒకటి ఉండేది. దానిపై వేలాది పాములు ప్రాకుతూ, నీటిలోని కప్పలను పట్టేవి. కుండం గోడలను నున్నగా తీర్చినందువల్ల ఒక్క పామూ వెలుపలికి రాలేకపోయేది. చూపరులు గట్టుమీద నిర్భయంగా నిలబడేవారు. జంతువుల కాపరులు ఎనిమిది వందలకు పైబడి ఉండేవారట; పావురాలకు 300 మంది, చేపలకు 80 మంది, పాములకే 30, 40 మంది! మేతకు నెలకు సుమారు తొమ్మిది వేల రూపాయలు. ఆ రోజులలో అది సామాన్యమైన మొత్తం కాదు.

కాని ఇంతటి ఏర్పాటుకూ ఆధారం ఒక్క మనిషి ఊపిరి. 1887 సెప్టెంబరులో నవాబు కన్నుమూశాడు, భరణం ఆగిపోయింది. మృగాలను వేలం వేశారు, ఆస్తులు అమ్మి వారసులకు పంచారు, భవనాలు చాలామటుకు నేలమట్టమయ్యాయి. నవాబు సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబారా మాత్రం మిగిలింది. హైదరాబాదు శివారులోని నిజాం వేటభూమి అదృష్టం వేరు. అది అటవీశాఖ చేతికి వచ్చి, మహావీర్ హరిణ వనస్థలిగా నేటికీ కృష్ణజింకలకు ఆశ్రయమిస్తున్నది. మెటియాబ్రుజ్ జింకలకు అటువంటి యజమాని దొరకలేదు.

ఏరు దాటి ఆవలి ఒడ్డుకు వెళితే శిబ్‌పూర్ వృక్షోద్యానం. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ స్థాపించిన ఈ తోటకు, 1793లో మన సామర్లకోట నుండి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ అధిపతి అయ్యాడు. దీనికీ కష్టాలు తప్పలేదు. 1864, 1867 తుఫానులలో చెట్లు పెక్కు కూలిపోయాయి. 1871లో వచ్చిన జార్జ్ కింగ్ చెరువులు త్రవ్వించి, ఆ మట్టితోనే పల్లపు నేలను మెరక చేసి, బాటలు వేయించాడు. ఒక అధిపతి వెళితే మరొకరు వచ్చారు. తోట పని ఆగలేదు.

అక్కడి మహావటవృక్షం మొదలు కుళ్లిపోగా 1925లో దానిని తొలగించారు. ఊడల బలంతోనే చెట్టు నిలిచింది. చుట్టూ 330 మీటర్ల బాట వేస్తే, చెట్టు ఆ బాటనూ దాటి పెరిగింది! 2020 మే నెలలో ఆంఫన్ తుఫాను కొన్ని ఊడలను విరిచివేసింది. కొత్తగా దిగే లేత ఊడలు గాలికి విరగకుండా, తోటమాలులు వాటిని వెదురు బొంగులలో ఇమిడ్చి నేలకు చేరుస్తున్నారు.