గంగోత్రి శిలల వయస్సు

హిమవంతుని పర్వతరాజనియు, గౌరీదేవికి తండ్రియనియు మనము పూజింతుము. కావున ఆయన లోకమందలి కొండలన్నిటికంటె వృద్ధుడని తలచుట సహజము. శిలలు చెప్పు లెక్క వేరు. గంగోత్రి యాత్రలో మేము చూచినదియు, అచ్చటి శిలలను గూర్చి శాస్త్రజ్ఞులు నిర్ణయించినదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఉత్తరకాశి నుండి గంగోత్రికి సుమారు 100 కిలోమీటర్ల మోటారుబాట కలదు. దేవదారు వనముల నడుమ భాగీరథి ఘోషించుచు ప్రక్కనే వచ్చుచుండును. 3,000 మీటర్లకు పైబడిన యెత్తున నున్న ఆలయమును గూర్ఖా సేనాని అమరసింహ థాపా 19వ శతాబ్ది ప్రారంభమున కట్టించెను. అక్షయతృతీయనాడు తలుపులు తెరచి, దీపావళి వేళకు మూయుదురు. శీతకాలమున అమ్మవారు ముఖ్‌బా గ్రామమున పూజలందుకొనును.

అచ్చటినుండి గోముఖమునకు 18 కిలోమీటర్లు కాలినడక. ముందుగా అనుమతిపత్రము పొందవలెను. ఉన్నిదుస్తులు తప్పక ఉండవలెను. గాలి పలుచన యగుటచే ఉబ్బసము గలవారు సాహసింపరాదు. భోజ్‌బాసా చేరునప్పటికి భాగీరథీ శిఖరములు కన్నులయెదుట నిలిచినవి. గోముఖమునకు పైనున్న తపోవనమునుండి 6,543 మీటర్ల శివలింగ శిఖరము నిండుగా కనబడును. ఈ శిఖరములు తెల్లని గ్రానైటు గోడలు. త్రోవలో పడియున్న యొక ముక్కను చేతిలోనికి తీసికొని చూచి, అచ్చటనే విడిచితిమి. పాలవంటి ఫెల్‌స్పారు, గాజువంటి స్ఫటికము, మెరయు అభ్రకము, నడుమ కాటుకవంటి నల్లని టూర్మలీను అందు కలవు.

ఈ రాయి యెట్లు పుట్టెను? మన భూఖండము సుమారు 9 కోట్ల యేండ్ల క్రిందట మడగాస్కరునుండి విడివడి, ఉత్తరమునకు సాగి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాను ఢీకొనెను. అంచులు ఒకదానిపై నొకటి యెక్కగా భూమి పైపొర దాదాపు రెండింతలు మందమయ్యెను. లోతునకు దిగిన ప్రాచీన సముద్రపు బురదరాళ్లు కాగి కాగి, 700 డిగ్రీల ప్రాంతమున వానిలోని అభ్రకము విచ్చిపోవగా కొంతవరకు కరగినవి. ఆ ద్రవము పైకెగసి చల్లారి గ్రానైటు అయ్యెను. కావున గ్రానైటు గడ్డకట్టిన కాలము తెలిసినచో, కొండ గర్భము కాగుచుండిన కాలము తెలియును.

కాలమును కొలుచు గడియారము రాతిలోనే కలదు. మోనజైటు, జిర్కాను అను సన్నని గింజలు పుట్టునపుడు యురేనియమును చేర్చుకొనును. సీసమును దాదాపు చేరనీయవు. యురేనియము మెల్లమెల్లగా సీసముగా మారును. దానిలో ప్రధానమైన రకము సగమగుటకు 447 కోట్ల యేండ్లు పట్టును. మిగిలిన యురేనియమెంత, చేరిన సీసమెంత యని తూచినచో వయస్సు తేలును. అమెరికా శాస్త్రజ్ఞుడు బోల్ట్‌వుడ్ 1907లో ఈ మార్గమును చూపెను.

ఇందొక చిక్కు కలదు. తల్లిరాతిలోని జిర్కాను గింజలు కొన్ని, అన్నములో ఉడకని గింజలవలె, కరగక కొత్త రాతిలో మిగులును. వాని నడిమిభాగము తల్లిరాతి వయస్సును, పైపొర మాత్రమే గ్రానైటు వయస్సును చెప్పును. రెంటిని కలిపి కొలిచినచో కొండకు లేని ముసలితనము వచ్చును. అందుచే ఇచ్చట మోనజైటు సాక్ష్యమును ముఖ్యముగా గైకొనిరి. శివలింగ శిఖరపు గ్రానైటు సుమారు 2 కోట్ల 30 లక్షల యేండ్లనాటిదని తేలినది. ఖండములు ఢీకొనిన పిదప అన్ని కోట్ల యేండ్లకును ఆ పొయ్యి ఆరలేదన్నమాట!

ఈ సంఖ్యను మన తెలుగునాటి రాళ్లతో పోల్చి చూతము. గోలకొండ కోటను మోయుచున్న గ్రానైటు సుమారు 250 కోట్ల యేండ్లనాటిది. అదియు భూమిలోతున గడ్డకట్టినదే. పైనున్న రాయి అరిగిపోగా గుండ్లై బయటపడినది. దానితో చెక్కిన రుబ్బురోలు శివలింగ శిఖరముకంటె నూరు రెట్లు పెద్దది!

దూరపు కొండలు నునుపను సామెత ఇచ్చట నిజమైనది. పడుచుకొండకు మ్రొక్కుటకై మంచుదారుల నడచు మనము, హైదరాబాదు చుట్టునున్న ముత్తవ్వలవంటి గుండ్లను ఇండ్లకొరకు, బాటలకొరకు పగులగొట్టుచుండగా చూచుచున్నాము. ఒకసారి పగిలిన గుండును మరల నిలుపువారు లేరు. సోదరీమణులారా, గంగోత్రికి పోగలిగినవారు పొండు. పోలేనివారు పిల్లలను వెంటబెట్టుకొని సమీపమందలి గుండుకడకు పోయి, దాని వయస్సు చెప్పుడు. అదియు యాత్రయే.