ఆజాద్ వీసా కాదు అత్తమ్మా

2025 సంక్రాంతికి రెండు రోజుల ముందు హాల్లో తెల్లబట్ట పరిచి, అత్తమ్మా నేనూ సకినాలు చుడుతున్నాం. పొద్దున ఏడున్నరకు కెనడా నుంచి బిడ్డ ఫోన్ చేసింది. మనకు ఏడున్నర అంటే దానికి ముందురోజు రాత్రి తొమ్మిది. చేతి నిండా పిండి, చిన్నోడు స్పీకర్ పెట్టాడు. "అమ్మా, కంప్లీషన్ లెటర్ వచ్చింది. ఇగ వర్క్ పర్మిట్‌కు పెట్టుకోవచ్చు" అంది.

"సదువు ఒడిసింది గదా, ఇంకా పర్మిట్ ఏంది?" అంది అత్తమ్మ.

ఈ పర్మిట్ ఉంటే ఏ కంపెనీలోనైనా చేసుకోవచ్చని, ఒక్కరికే కట్టుబడి ఉండక్కర్లేదని బిడ్డ వివరంగా చెప్పింది. అత్తమ్మ ఒక సకినం చుట్టడం పూర్తి చేసి, "అంటే ఆజాద్ వీసానే గదనే" అంది.

ఫోన్లో బిడ్డ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా కరీంనగర్ వైపు ఆ మాట తెలియని ఇల్లు తక్కువ. మామయ్య పద్దెనిమిదేళ్లు దుబాయిలో ఉన్నారు. ఆజాద్ వీసా అంటే పేరుకు ఒక కఫీల్ ఉంటాడు, వాడికి డబ్బు కట్టి బయట ఎక్కడో పని చేసుకుంటారు. చట్టంలో అట్లాంటి వీసానే లేదు. పట్టుబడితే కథ ముగిసినట్టే. మామయ్య పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకునేవారట. ఆ భయం ఇక్కడ ఉన్న అత్తమ్మక్కూడా ఉండేది. అందుకే ఆమె ఆ మాట అనగానే నేను, "అది దొంగచాటుది అత్తమ్మా, ఇది గవర్నమెంటే ఇచ్చేది" అని గట్టిగానే చెప్పాను.

గవర్నమెంటే ఇస్తుంది, నిజమే. కానీ డిగ్రీ చేతికొస్తే దానంతట అదే రాదు. మా ఆయన లోన్ సంగతి చూసుకుంటే ఈ కాగితాల సంగతి నా మీద పడింది. పడింది అనడం కంటే నేనే మీద వేసుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఫోన్ పట్టుకుని కూర్చుని, కెనడా ప్రభుత్వం వెబ్‌సైట్‌లోని ఇంగ్లిష్‌ను ఒక్కో లైను కూడబలుక్కుంటూ చదివేదాన్ని.

కోర్సు కనీసం ఎనిమిది నెలలుండాలి. చివరి సెమిస్టర్ తప్ప ప్రతి సెమిస్టర్ ఫుల్‌టైమ్ చదవాలి. ఇది చదివిన రోజే బిడ్డను ఆపాను. రెండో సెమిస్టర్‌లో జ్వరమొచ్చి ఒక సబ్జెక్టు వదిలేస్తానంది. వదిలితే ఫుల్‌టైమ్ పోతుంది. "కషాయం తాగు, పరీక్ష రాయి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే రాతిగుండె తల్లి మాటలాగే ఉంది.

దానిది పదహారు నెలల మాస్టర్స్. 2023 సెప్టెంబర్‌లో చేరేటప్పటికి, రెండేళ్లకు తక్కువ కోర్సుకు ఎన్ని నెలల చదువో అన్ని నెలల పర్మిటే. 2024 ఫిబ్రవరి 15 నుంచి మాస్టర్స్ వాళ్లకు చిన్న కోర్సైనా మూడేళ్లు చేశారు. ఆ సంతోషంలో ఉండగానే ఇంకో రూల్ వచ్చింది. నవంబర్ 1 తర్వాత పెట్టేవాళ్లు ఇంగ్లిష్ పరీక్ష మార్కులూ చూపాలి. సీటు కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ దీనికి చెల్లదు. ఇంగ్లిష్‌లోనే చదివి పాసైన పిల్ల మళ్లీ ఇంగ్లిష్ వచ్చని నిరూపించుకోవాలట! డిసెంబర్‌లో మంచులో వెళ్లి సెల్పిప్ రాసి వచ్చింది.

అసలు గండం పాస్‌పోర్ట్‌ది. అక్టోబర్‌లో బతుకమ్మ పండుగకు బీరువాలో పట్టుచీర తీస్తుంటే దాని పాస్‌పోర్ట్ జిరాక్స్ బయటపడింది. 2016లో మా మరిది దుబాయి చూపిస్తానంటే తీయించినది, 2026తో అయిపోతుంది. పర్మిట్ మూడేళ్లకు అర్హత ఉన్నా పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా ఉంటే అప్పటిదాకే ఇస్తారు. మిగిలింది తర్వాత పొడిగించుకోవచ్చు, కానీ మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపు. చీర సంగతి మరచి అక్కడే నేలమీద కూర్చుని ఫోన్ చేశాను. దానికి అప్పుడు అర్ధరాత్రి. తిట్టుకుంటూనే లేచింది గానీ, ఆ వారంలోనే రెన్యువల్‌కు ఇచ్చింది. కొత్తది వచ్చాకే నాకు నిద్ర పట్టింది.

ఆదిలాబాద్‌లో మా చెల్లె కొడుక్కి ఈ చిన్న సంగతులు చెప్పేవాళ్లు లేకపోయారు. నాకూ అప్పుడు తెలియదు. ఏజెంట్ చూపించింది ప్రైవేటు కాలేజీ. విదేశీ పిల్లల్ని చేర్చుకోవడానికి దానికి అనుమతి ఉంది, లిస్టులో పేరూ ఉంది. కానీ అక్కడ చదివితే వర్క్ పర్మిట్ రాదు. ఆ లిస్టులోనే ఆ సంగతి వేరేగా రాసి ఉంటుంది, చూసుకోవాలని వీళ్లకు తెలియదు. రెండెకరాల పత్తి చేను అమ్మిన డబ్బు అది. తెలిసిననాడు వాడు ఇంటికి చెయ్యలేదు, నాకు చేశాడు. "పెద్దమ్మా, అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. చెల్లె ఏడవలేదు, "వాడు అన్నం తింటున్నాడా?" అని మాత్రం అడిగింది. ఏడాది ఫీజు వదులుకుని వాడు ప్రభుత్వ కాలేజీలో మొదటి నుంచి చేరాడు. ఇప్పటికీ మా బిడ్డ సంగతి చెల్లె ముందు కాస్త తగ్గించే మాట్లాడతాను.

కంప్లీషన్ లెటర్ వచ్చాక 180 రోజుల గడువుంటుంది. స్టడీ పర్మిట్ తీరకముందే పెడితే జవాబు వచ్చేదాకా పని చేసుకోవచ్చు. ఇచ్చేది జీవితంలో ఒక్కసారే. అందుకే ఆగనివ్వలేదు, జనవరిలోనే పెట్టించాను. ఆ తర్వాత చేసేదేమీ లేదు. రోజూ "వచ్చిందా?" అని అడగొద్దని బిడ్డ ఒట్టేయించుకుంది. అడగలేదు. "ఏం వండుకున్నవ్?" అని అడిగి, గొంతును బట్టి తెలుసుకునేదాన్ని.

మే నెలలో ఒక పొద్దున గొంతు వేరేగా ఉంది. మూడేళ్లు, 2028 దాకా. మా ఆయన వెంటనే లోన్ కిస్తీల లెక్క మొదలుపెట్టారు. అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. దగ్గరికెళ్లి చెప్పాను.

"పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉన్నది?" అని అడిగింది.

మామయ్య పాస్‌పోర్ట్ ఉన్నన్నాళ్లూ కఫీల్ దగ్గరే ఉండేది. ఆయన తల్లి పోయినప్పుడు కూడా వాడు ఇవ్వలేదు.

"దాని దగ్గర్నే ఉంది అత్తమ్మా, దాని బ్యాగులనే."

"గట్లయితె మంచిదే" అని మళ్లీ బియ్యం ఏరుకోసాగింది.