రోహిణి కార్తెలో అమీర్‌పేట

మే 25 వచ్చి రోహిణి కార్తె ప్రవేశిస్తే రోళ్లు పగులుతాయంటారు. అమీర్‌పేట హాస్టళ్లలో పై అంతస్తు గదివాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటాక కూడా వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. అద్దె తక్కువని ఆ గదిలో దిగేది ఎక్కువగా మాలాంటివాళ్లే, ఉద్యోగం వెతుక్కునేవాళ్లం.

ఇంటర్వ్యూ రోజు ఇస్త్రీ చొక్కా మేకుకే వేలాడుతుంది. బయల్దేరే నిమిషం దాకా బనియనుతోనే కూర్చుంటాం. సర్టిఫికెట్లు చెమటకు తడవకుండా పాలిథిన్ కవర్లో పెడతాం. రాయదుర్గం మెట్రో ఎక్కితే ఏసీకి ఒళ్లు ఆరుతుంది. దిగి కంపెనీ గేటు దాకా నడిస్తే చొక్కా మళ్లీ వీపుకు అతుక్కుంటుంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తుంది. ఉద్యోగం మాట ఎత్తదు. "మజ్జిగ తాగుతున్నావా నాన్నా?" అంటుంది. అడగకుండా ఉండటానికి ఆమె ఎంత ఓర్చుకుంటోందో నాకు తెలుసు.

ఎండాకాలం ఇంటర్వ్యూలు ఉదయం పూటే పెట్టాలి. నడినెత్తి ఎండలో అభ్యర్థుల్ని గేటు బయట నిలబెట్టడం తగదు. కనీసం మంచినీళ్లు ఇవ్వాలి. రేపు నన్ను ఒంటిగంటకు రమ్మన్నారు. రెండో చొక్కా మడతపెట్టి బ్యాగులో పెట్టుకున్నాను.