శివకుడి ఊరి మ్యూజియం

ఘంటసాల అనగానే అందరికీ పాటే గుర్తొస్తుంది. తప్పేం లేదు, మాస్టారి ఇంటిపేరు ఓ ఊరి పేరేగా! కానీ బందరుకు పాతిక కిలోమీటర్లలోపే ఉన్న ఆ ఊళ్లో ఓ బౌద్ధ స్తూపం, పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? మన బడుల విహారయాత్రలు మాత్రం హైదరాబాదు బస్సే ఎక్కుతాయి.

రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల రేవు ఇదేనంటారు చరిత్రకారులు. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియందాకా వెళ్లాయి. నా మనసు మాత్రం ఇక్కడ దొరికిన ఓ ప్రాకృత శాసనంలోని పేరు మీదే ఉంది. మహానావికుడు శివకుడు. రాజూ కాదు, మంత్రీ కాదు, ఓడలు నడిపినవాడు.

ఆయన గురించి గిలకలదిండిలో వేటకెళ్లేవాళ్లకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం? ఓ ఆదివారం వాళ్లనీ, నాగాయలంక పడవలవాళ్లనీ మ్యూజియంకి పిలిస్తే బాగుణ్ణు. వల, తెడ్డు, చుక్కాని వాళ్లే తెచ్చుకుని పిల్లలకు వివరిస్తారు. పనిలో పనిగా 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దవాళ్ల మాటలూ రికార్డు చేయొచ్చు. ఆ తరం ఏటేటా తగ్గిపోతోంది, తర్వాత చేద్దాం అనుకునే పని కాదిది.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లనూ తీసుకెళ్లాలి. అక్కడ రాతి మీద చెక్కిన తామరలు, లతలు చూసి వాళ్లేమంటారో వినాలని నాకు మహా కుతూహలం. ఎవరైనా పూనుకుంటే చెప్పండి, టీ ఖర్చు నాది.