నీలిరంగు పలక



మన సంఘంలోనే పుట్టి పెరిగి ఇప్పుడు లండన్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకడు పోయిన వారం ఒక ఫోటో పంపాడు. ఒక ఇంటి గోడ, దాని మీద గుండ్రటి నీలిరంగు పలక. కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇల్లు. డాక్టర్ భీంరావ్ రాంజీ అంబేద్కర్ 1921-22లో ఇక్కడ ఉన్నారని ఆ పలక చెబుతోంది. తర్వాత స్వతంత్ర భారతదేశానికి మొదటి న్యాయశాఖ మంత్రి అయిన మనిషి, అప్పటికి ముప్పై ఏళ్ల విద్యార్థి. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇల్లు కొని స్మారక భవనంగా మార్చింది. “చూడండి అయ్యగారూ, మనవాడి పేరు!” అని రాశాడు తమ్ముడు.

నాకూ సంతోషమే. కానీ ఆ గోడ చూస్తూ ఉంటే బరోడా గుర్తొచ్చింది.

1917లో ఆయన లండన్ చదువు మధ్యలో ఆపి, బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చారు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చిన మనిషికి ఆ ఊళ్లో తల దాచుకునే చోటు లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారు. కొద్దిరోజులకే సంగతి బయటపడింది. కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇదంతా ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు.

ఆ రోజు ఆయన ఇద్దరు స్నేహితుల్ని అడిగారు. ఒకాయన హిందువు, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. రెండో ఆయన, ప్రియులారా, క్రైస్తవుడు. రేపు మా ఆవిడ వస్తుంది, ఆమెను అడిగి చెబుతానన్నాడు. బ్రాహ్మణ కుటుంబం నుండి వచ్చినవాళ్లట. అంబేద్కర్ గారికి మాట అర్థమైంది. పార్కులో కూర్చుని పొద్దు గడిపి, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు.

ఆ క్రైస్తవుణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

మన మందిరం పక్క గది మీకు తెలుసు. రెండేళ్ల క్రితం పంచాయతీలో పారిశుద్ధ్య పని చేసే సహోదరుడొకడు వచ్చి, “అయ్యగారూ, పిల్లల బడికి దగ్గరవుతుంది, ఆ గది అద్దెకు ఇప్పిస్తారా?” అన్నాడు. మాదొక పేట, వాళ్లదొక పేట. ప్రభువు బల్ల దగ్గర మాత్రం గిన్నె ఒకటే. “పెద్దలను అడిగి చెబుతానయ్యా” అన్నాను. అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు గనుక. అతనూ మళ్లీ అడగలేదు. అదే డిసెంబరులో సత్రంలో మరియమ్మకు స్థలం దొరకలేదని కన్నీళ్లతో ప్రసంగం చేశాను. అతను చివరి వరుసలో కూర్చుని విన్నాడు. గదిలో ఇప్పటికీ ప్లాస్టిక్ కుర్చీలు, పాత మైకు సెట్టు ఉన్నాయి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలను కాసేపు ఉండమన్నాను. విషయం చెప్పలేదు. నా కోసం ప్రార్థన చేయండి. గది తాళంచెవి నా దగ్గరే ఉంది, మొదటినుంచీ.