స్కూటరుకో జెండా

ఆగస్టు పదిహేను ఇంకా నాలుగు రోజులుందనగా మా మనవడు తీర్మానం చేశాడు: "తాతయ్యా, మన స్కూటరుకి జెండా కట్టాలి." జెండా ఇరవై రూపాయలకే దొరికింది. తీరా కట్టబోతే స్కూటరు మీద అద్దానికి బెజ్జం ఉంది గాని, జెండాకి లేదు.

ముందు పరీక్షకి నా చేతిరుమాలు చాలన్నాను. చీపురుపుల్లకి చుట్టి, పురికొసతో అద్దం కాడకి బిగించాం. సందు చివరిదాకా రాజసంగా ఎగిరింది. మెయిన్ రోడ్డెక్కి నలభై అందుకోగానే టక్కుమంది. పుల్ల విరిగింది, రుమాలు వెనకొచ్చే లారీకి అర్పణమైంది. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుందని చిన్నప్పుడు చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

పంచరు షాపతను నవ్వాడు. "బిగించి కట్టకూడదండీ, కాస్త ఊగనివ్వాలి" అని పాత సైకిల్ ట్యూబు కోసి నాలుగు పట్టీలిచ్చి, పది రూపాయలు పుచ్చుకున్నాడు. అటక మీదున్న అంగుళం పీవీసీ పైపులో జానెడు ముక్క కోశాను. సీటు వెనక, చేత్తో పట్టుకునే కమ్మీకి దాన్ని నిలువుగా ఆనించి, ట్యూబు సాగదీసి పైనా కిందా చుట్టాను. రబ్బరు జారదు, కుదుపుని తాను మింగి కర్రకి తక్కువ పంపుతుంది. నంబరు ప్లేటుకీ ఎర్ర లైటుకీ అడ్డం రాకుండా చూశాను. వెదురుపుల్ల మొదలుకి ఇంకో పట్టీ చుట్టి పైపులో దూర్చితే బిరడాలా కూర్చుంది. మా ఆవిడ వెనకెక్కి చూసి, "గుడ్డ నా మొహాన కొట్టకూడదు" అంది. పుల్ల మరో మూరెడు పెరిగింది.

అంతా అయ్యాక ఎదురింటి రిటైర్డు మాస్టారు గేటు దగ్గరే ఆగి, "ఫ్లాగ్ కోడ్ చూశారా?" అన్నారు. చూశాను. 2002 నాటి ఆ నియమావళి ప్రకారం మోటారు కార్ల మీద జాతీయ జెండా ఎగరేసే హక్కు రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, మంత్రులు, పెద్ద కోర్టుల న్యాయమూర్తుల్లాంటి వాళ్ళకే. జెండా కొలత 225 బై 150 మిల్లీమీటర్లు. కర్ర బానెట్ ముందు నడిమధ్యనో, కారు ముందు కుడివైపునో ఉండాలి.

"మరి మంత్రిగారు స్కూటరెక్కితే?" అన్నాడు మనవడు. బానెట్టే లేని బండికి నా దగ్గర జవాబు లేదు.

జెండా మేడ మీదికి చేరింది. 2022లో సవరించాక ఇంటి మీద రాత్రి కూడా దించక్కర్లేదు. స్కూటరు పైపు మాత్రం ఖాళీగా ఉండిపోయింది, వినాయక నిమజ్జనం నాడు కాషాయం గుడ్డ కట్టుకోవడానికి తప్ప.

మొన్న రైతు బజారు నుంచి వస్తుంటే మా ఆవిడ అందులో రెండు మునక్కాడలు దోపింది. ఇల్లు చేరేదాకా ఊగుతూనే వచ్చాయి, ఒక్కటీ విరగలేదు.