శాపం పెట్టి వెళ్లినవాళ్లు

జైసల్మేర్‌లో ఏ టాక్సీ డ్రైవరునైనా కుల్‌ధరా వెళ్దామని అడగండి, బండి ఊరు దాటకముందే కథ మొదలుపెడతాడు. దివాన్ సాలిం సింగ్ కన్ను ఊరిపెద్ద కూతురి మీద పడిందట. పిల్లనిస్తారా, ఊరి మీద పడమంటారా అని గడువు పెట్టాడట. 84 ఊళ్ల పాలీవాల్ బ్రాహ్మణులు ఒకచోట కూడి మాట్లాడుకుని, ఒక్క రాత్రిలో ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి వెళ్లిపోయారట. పోతూ పోతూ ఈ నేల మీద ఇంకెవ్వరూ కాపురం చెయ్యలేరని శపించారట. పొద్దుగూకాక అక్కడ అడుగుల చప్పుడు వినిపిస్తుందన్న మాటతో కథ ముగుస్తుంది. ఈలోగా కుల్‌ధరా వచ్చేస్తుంది. ఉన్నది 18 కిలోమీటర్లేగా.

దయ్యాలు తిరుగుతాయన్న చోట్లకు వెళ్లడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఊరి చివర చింతచెట్టు వైపు చీకటిపడ్డాక పోవద్దని పెద్దవాళ్లు చెబితే విని పెరిగినవాణ్ణి. ఇళ్ల గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతో రాసుకున్న రోజులూ గుర్తున్నాయి. దయ్యాలున్నాయా లేవా అన్న వాదన మీద మాత్రం నాకు ఆసక్తి పోయి చాలాకాలమైంది. ఇక్కడ చెడిపోయింది ఎవరు, చెరిచింది ఎవరు? పాడుబడ్డ చోటుకు వెళ్లినప్పుడల్లా నాకు కావలసింది ఆ జవాబే.

అల్వార్ జిల్లాలోని భాన్‌గఢ్ కథ నాకు అందుకే నచ్చదు. పొద్దువాలాక లోపలికి వెళ్లరాదని పురావస్తు శాఖ బోర్డు పెట్టిన కోట అది. మన దేశంలో దయ్యాల కోట అంటే అందరూ మొదట చెప్పే పేరు కూడా అదే. రాణి రత్నావతి మీద ఆశపడిన మాంత్రికుడు, ఆమె తిప్పికొట్టిన ప్రయోగానికి తానే బలైపోతూ ఊరు నాశనం కావాలని శపించాడంటారు. కాదన్నది ఆడమనిషి, తప్పు చేసింది వాడు, శిక్ష ఊరికి! ఆ కథ విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కుల్‌ధరా కథలో శపించినవాళ్లు చెడ్డవాళ్లు కారు, చెడినవాళ్లు. దివానే దండుకుంటుంటే ఫిర్యాదు ఎవరికి చేసుకుంటారు? కోర్టు లేదు, కత్తి పట్టే బలం లేదు. మిగిలింది నోటిమాట ఒక్కటే. దిక్కులేనివాళ్లు తమకు తామే చెప్పుకున్న తీర్పు ఆ శాపం.

సాలిం సింగ్ కట్టుకథ కాదు. జైసల్మేర్ కోట పక్కన నెమళ్ల చెక్కడాలతో అతని హవేలీ ఈనాటికీ నిలిచే ఉంది. 1832లో అచ్చయిన రాజస్థాన్ చరిత్ర రెండో సంపుటంలో జేమ్స్ టాడ్ అతని దోపిడీ గురించి రాశాడు. ఒక్క రాత్రిలో ఖాళీ అయిందన్న మాటను మాత్రం చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. నీళ్లు అడుగంటాయి, పన్నులు పెరిగాయి, ఒక్కో కుటుంబమే కదిలిందంటారు. భూకంపం మాట ఎత్తినవాళ్లూ ఉన్నారు. నాకైతే మెల్లగా ఖాళీ కావడమే ఎక్కువ బాధగా తోస్తుంది. ఒక్క రాత్రిలో అందరూ లేచి వెళ్తే ఒకరికొకరు తోడుంటారు. పక్కింటికి తాళం పడి, ఎదురింటికి తాళం పడి, చివరికి మిగిలిన ఇంట్లో ముసలివాళ్లు ఎలా గడిపారో! పాలమూరు వలసలు చూసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఊళ్లో తిన్నని వీధులు, వాటి వెంట వందల ఇళ్ల మొండిగోడలు. పసుపుపచ్చని రాయి. కప్పులు పోయాయి. మధ్యలో గుడి, ఓ పక్క మెట్లబావి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫోన్లు పట్టుకుని చీకటి మూలలే వెతుకుతుంటారు. ఆ అమ్మాయి పేరేమిటని అడిగితే చెప్పగలిగినవాళ్లు నాకు కనబడలేదు. కథంతా ఆమె కోసమే, ఆమెకే పేరు లేదు. మన పల్లెల్లో అన్యాయంగా పోయిన ఆడపిల్లను పేరంటాలుగా నిలుపుకుంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు ఏటా తిరునాళ్లు జరుగుతాయి, పసుపు కుంకుమలిచ్చి పేరుపెట్టి పిలుస్తారు. కుల్‌ధరా పిల్లకు ఆ పాటి పలకరింపూ దక్కలేదు.

ఇంకో సంగతి, పాలీవాల్‌లు ఎక్కడికీ మాయం కాలేదు. వాళ్ల వంశాలవాళ్లు ఇవాళ్టికీ రాజస్థాన్‌లోనూ బయటా ఉన్నారు. ఎప్పుడో తమ పూర్వీకులు పాలీ పట్టణంలో ఊచకోతకు గురైన రోజని రాఖీ పండుగ మానుకునే కుటుంబాలున్నాయి. అంత గట్టిగా గుర్తుపెట్టుకున్న మనుషుల ముత్తాతలను మనం టికెట్టు కొని దయ్యాలుగా చూసి వస్తున్నాం.

అసలు కుల్‌ధరా వెళ్లి చూడాల్సింది వాళ్ల నీటి తెలివి. అనంతపురంలో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు సీమ అంటాం. జైసల్మేర్‌లో అందులో సగం కూడా పడదు. అలాంటి చోట గోధుమ పండించారు. రాతినేల మీద పడిన వాన పల్లానికి జారే చోటు చూసి, దిగువన అడ్డంగా పొడవాటి మట్టికట్ట వేసేవారు. దాన్ని ఖడీన్ అంటారు. వానాకాలమంతా నీళ్లు నిలిచి, వెంట తెచ్చిన ఒండ్రు పేరుకుని, నేల తడిని లోపలికి పీల్చుకుంటుంది. ఎక్కువైన నీళ్లు పోవడానికి కట్టకు అలుగు ఉంటుంది. చలికాలం మొదలయ్యేసరికి నీళ్లు ఇంకిపోయిన నేలలో గోధుమ, శనగ చల్లుతారు. ఆ తడి మీదే పంట చేతికొస్తుంది. ఏ వాలు ఎంత నీరిస్తుందో, కట్ట ఎంత పొడవుండాలో తరాల తరబడి చూసి నేర్చుకున్నారు. అలాంటి మనుషులను పన్నులతో పిండిన రాజ్యం తన అన్నం తానే పారబోసుకుంది.

జైసల్మేర్ చుట్టుపక్కల ఖడీన్లు చాలాచోట్ల ఇప్పటికీ సాగులో ఉన్నాయి, వేరే రైతులు దున్నుకుంటున్నారు. వెళ్లాలనుకుంటే జనవరిలో వెళ్లండి. కుల్‌ధరా గేటు మూసే వేళ దాకా దయ్యం కోసం కాచుకోకుండా, అదే డ్రైవరును ఖడీన్ ఉన్న ఊరికి తీసుకెళ్లమని అడగండి. అప్పటికి శనగ పూతలో ఉంటుంది.